నాలుగు సంఘాల లెక్కలో ఉన్న మా పెద్దమ్మను మట్టి చేయడానికి ఒక్క కాపరీ రాలేదు

తెలుగు క్రైస్తవ సంఘాల అధ్యక్షులకు, బిషప్పులకు, ఫీల్డు పెద్దలకు, స్వతంత్ర మినిస్ట్రీల వ్యవస్థాపకులకు, పాస్టర్ల ఫెలోషిప్పుల వారికి,

ప్రభువు నామమున వందనాలు.

ఒంగోలుకు గంట ప్రయాణంలో ఉన్న ఒక పల్లెలో సంఘపు రిజిస్టరు రాసేవాణ్ణి నేను. అదే ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను. బోధకుణ్ణి కాను. నలుగురి ముందు నిలబడి ప్రార్థన చేయమంటే కాళ్ళు వణుకుతాయి. నాకు తెలిసిందల్లా లెక్కలు రాయడం. ఈ లేఖ కూడా లెక్క గురించే.

ఇందులో ఉన్న సంగతులే మీలో కొందరికి ఇంతకుముందు మూడుసార్లు రాశాను. మొదటిది మామూలు కవరు, పోయిందేమో అనుకున్నాను. రెండోది రిజిస్టరు పోస్టు. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. మూడోసారి బస్సెక్కి నేనే వెళ్ళాను. అయ్యగారు సభల ఏర్పాట్లలో ఉన్నారు, ఆ బల్ల మీద పెట్టి వెళ్ళండి అన్నాడు గుమాస్తా. ఆ బల్ల మీద అప్పటికే చాలా కవర్లున్నాయి. అందుకే ఈసారి అందరికీ కనపడేలా రాస్తున్నాను.

పోయిన నవంబరు వానల్లో మా పెద్దమ్మ చనిపోయింది. ఎనభై దాటిన మనిషి. మా రిజిస్టరు 31వ పేజీలో ఆమె పేరు మా నాన్న చేతిరాతతో ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి ఓ కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యాన్ని కొంగున మూటగట్టుకుని గుడికి తెచ్చేది. (మా ఊళ్ళో చర్చిని ఇప్పటికీ గుడి అనే అంటాం.) ఆ బియ్యం మీద మా పాత ఉపదేశి (ఊళ్ళోనే ఉండి ప్రార్థనలు నడిపే బోధకుడు) కుటుంబం ఎన్నో ఏళ్ళు బతికింది.

మోకాళ్ళు పోయాక గుడిదాకా నడవలేకపోయింది. ఇంటి పక్కనే రోడ్డు మీద రేకుల షెడ్డులో ఒక మినిస్ట్రీ మొదలైంది. అక్కడికి వెళ్ళసాగింది. మా దగ్గర తీసుకున్న బాప్తిస్మం చెల్లదన్నారట, మళ్ళీ కాలవలో ముంచారు. అది రెండో రిజిస్టరు. ఆ తర్వాత కుట్టుమిషన్లు పంచుతామని ఇంకో సంస్థ వచ్చి, ఆధార్ నకళ్ళు తీసుకుని ఇంటిల్లిపాదినీ రాసుకుంది. అది మూడోది. నాలుగోది టీవీలో చూసి మనవడి చేత ఫోను చేయించుకున్నది. ప్రార్థన భాగస్వామి అని నంబరు వేసిన కార్డు పంపారు. 4,000 రూపాయల పింఛనులో 500 నెలనెలా అటు వెళ్ళేది.

చనిపోయిన రోజు మధ్యాహ్నం నుంచి నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. మా కాపరి (పాస్టరు) గారి కింద ఆరు ఊళ్ళున్నాయి. ఆమె వేరేచోట బాప్తిస్మం తీసుకుంది, చందా కట్టడం మానేసింది, కమిటీ ఒప్పుకోకుండా నేను రాలేనన్నారు. షెడ్డు పాస్టరు గారు హైదరాబాదులో మీటింగుల్లో ఉన్నారు. మూడో సంస్థవారు మాది లబ్ధిదారుల జాబితా, సభ్యుల జాబితా కాదన్నారు. నాలుగో చోట మనిషి పలకలేదు, రికార్డు చేసిన గొంతు పలికింది. ప్రార్థన మనవుల కోసం ఒకటి నొక్కండి, కానుకలు పంపడానికి రెండు నొక్కండి అంది. ఒకటి నొక్కాను. కాసేపు పాట వచ్చి ఫోను కట్టయింది.

మా సమాధుల తోటకు దారి రొయ్యల చెరువుల గట్టు మీదుగా. వానకు గట్టు నానిపోయింది, అడుగేస్తే పిక్కలదాకా దిగబడుతోంది. పెట్టె మోసే పిల్లలు రెండుసార్లు తూలారు. గుంటలో నీళ్ళు ఊరుతుంటే ఒకడు బకెట్టుతో తోడుతూనే ఉన్నాడు. పాటల పుస్తకం వెనక ఉన్న భూస్థాపన క్రమం నేను చదివాను. నా కాళ్ళు వణికాయి. నాలుగు చోట్ల ఆత్మగా లెక్కకెక్కిన మనిషిని ఒక పోస్టుమాస్టరు మట్టి చేశాడు.

ఈ లేఖ చూసి చంకలు గుద్దుకునేవాళ్ళుంటారు. చూశారా, బియ్యానికి మారినవాళ్ళు, ఇంతే అవుతుంది అంటారు. వాళ్ళకు జవాబు చెప్పాకే మీ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ జవాబు మీకూ అవసరం.

1876లో మొదలైన కరువులో ఈ ప్రాంతం ఎండిపోయి శవాల దిబ్బయింది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ అప్పుడు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, మా పల్లెల వాళ్ళకు పనీ కూలీ ఇచ్చాడు. ఆ కాలంలో మమ్మల్ని కలుపుకోండి అని వేలమంది అడిగారు. పదిహేను నెలలపాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనన్న అనుమానం ఆయనకే ఉంది. కరువు తగ్గుముఖం పట్టి, ఆశ చూపడానికి చేతిలో ఏమీ మిగలనప్పుడు కూడా వాళ్ళు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగింది తెల్లదొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. మా ముత్తాత ఆ రోజు తల్లి కొంగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ పిల్లవాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ 2,222 అనే అంకెను మీరంతా సభల్లో చెబుతారు. దాని ముందున్న పదిహేను నెలల సున్నాను చెప్పినవాళ్ళను నేను వినలేదు. నాలాంటి లెక్కల మనిషికి ఆ సున్నాయే పెద్దది.

ఇంకా వెనక్కి వెళితే, ఈ పని మొదలుపెట్టింది క్లఫ్ కూడా కాదు. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఈ మార్గం గురించి విని, 1866లో ఒంగోలు వచ్చి భార్య నాగమ్మతో పాటు బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికే యోగ గురువుగా ఆయనకు శిష్యులున్నారు, ఊరూరా చుట్టాలున్నారు. సువార్త ఆ చుట్టరికం దారుల్లోనే పాకింది. పెళ్ళికి వెళ్ళినచోట, తోళ్ళు కొన్నచోట, అరుగు మీద కూర్చుని. అప్పటి కృష్ణా జిల్లా రాఘవాపురంలో 1859లో బాప్తిస్మం పొందిన పగోలు వెంకయ్యదీ అదే కథ. 1912లో బిషప్పయిన అజరయ్య గారు దోర్నకల్ ప్రాంతంలో కొత్తగా చేరిన ప్రతివాడి చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ (నాకు కీడు) అని పలికించేవారు. కూలివాళ్ళ చేత, పాలేర్ల చేత. వాళ్ళకు మైకు లేదు, మరుసటి రోజు కూడా అదే ఊళ్ళో, అదే మనుషుల మధ్య బతకాలి. చెప్పినవాడు అబద్ధమాడితే వారంలో తేలిపోయేది.

ఇప్పుడు చెప్పేవాడు చెప్పి, ఫోటో తీసుకుని, రాత్రికే బండెక్కుతున్నాడు. తర్వాత ఏమైనా మేమే పడాలి. అందుకే ఈ కింది సంగతులు అడుగుతున్నాను.

1. కొత్త ఆత్మలు అని రాసే ముందు, ఆ మనిషి ఇంతకుముందు ఏ సంఘంలో ఉన్నాడో ఆ పక్కనే రాయండి. మా మండలంలో ఒక మినిస్ట్రీ వార్షిక నివేదికలో కొత్తగా రక్షించబడినవారని నలభై పేర్లు అచ్చేశారు. చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. అందులో ముప్పై ఎనిమిది పేర్లు నా రిజిస్టరులోవే. ఈ కుండలో నీళ్ళు ఆ కుండలో పోసి వాన పడిందంటే ఎలా? ఒక సంఘం వదిలి ఇంకో సంఘానికి పోవద్దని నేననను, మా కాపరి గారి ప్రసంగం విని నేనే చాలాసార్లు వెళ్ళిపోదామనుకున్నాను. కానీ వెళ్ళే మనిషికి ఒక ఉత్తరం ఇచ్చి పంపే పద్ధతి మన పెద్దల కాలంలో ఉండేది. అది ఉంటే మా పెద్దమ్మ ఎవరి మనిషో ఆ రోజు తెలిసేది. ఆ ఉత్తరం మళ్ళీ పెట్టండి. రెండోసారి ముంచే ముందు మొదటి సంఘానికి ఒక్క ఫోను చేయండి.

2. బాప్తిస్మం ఇచ్చే ముందు చట్టం ఏం చెబుతుందో మనిషికి చెప్పండి. నేను ఎక్కువగా రాయాలనుకున్నది దీని గురించే.

1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన మాల, మాదిగ షెడ్యూల్డు కులం కిందికి రాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్నీ ముస్లింలనూ బయటే ఉంచారు. మన రాష్ట్రాల్లో మనకు మిగిలింది బీసీ-సీ, 1 శాతం రిజర్వేషను. ఇది అన్యాయమని నేను నమ్ముతాను. గుడికి వెళ్ళినంత మాత్రాన మా పల్లెను ఎవరూ ఊరి మధ్యకు తెచ్చి పెట్టలేదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. తీర్మానం తీర్మానంగానే ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, క్రైస్తవంలో ఉంటూ ఉద్యోగం కోసం ఎస్సీ హోదా అడగడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, క్రైస్తవుడివి గనక నీకు ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. కొట్టినవాడు పాస్టరుని కులం చూసే కొట్టినా సరే, చట్టం దగ్గర మాత్రం ఆ కులం చెల్లలేదు.

ఇది తెలిసీ మీరు పిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్ళి, తడిసిన జుట్టుతో వీడియో తీసి, పేరూ ఊరూ వేసి పెడుతున్నారు. మా వీధి కుర్రాడు ఒకడికి అదే జరిగింది. ఉద్యోగం వచ్చి సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఉండగా ఎవరో ఆ వీడియో తహసీల్దారు ఆఫీసుకు పంపారు. ఆ కుర్రాడు క్యాంపువాళ్ళకు ఫోను చేస్తే, దేవుడు చూసుకుంటాడు తమ్ముడూ, విశ్వాసం విడవకు అన్నారట. దేవుడు చూసుకుంటాడు, నిజమే. వీడియో తీసేయడం మాత్రం దేవుడి పని కాదు కదా. రెండు వారాలు బతిమాలితే తీశారు. అప్పటికి అది వందమంది ఫోన్లలో ఉంది.

నేను కాగితం మీద అబద్ధం రాయమనడం లేదు. నా సర్టిఫికెట్టులో ఏముందో కూడా అడగకండి. బడిలో వేసిన రోజు హెడ్మాస్టరు మా నాన్న పంచె చూసి ఏం రాశాడో అదే ఉంది, నేను దాన్ని మార్చలేదు. ఆ బరువు నా మీద ఇప్పటికీ ఉంది. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.55 శాతం, 2011లో 1.34 శాతం. మీ నివేదికల్లో ఏటేటా పెరుగుతున్న మనం ప్రభుత్వ లెక్కలో తగ్గుతున్నాం. రెండు లెక్కల మధ్య దాక్కుని బతుకుతున్నది మా పల్లె పిల్లలు. కాబట్టి అడిగేది ఇది: బాప్తిస్మానికి ముందు చెప్పే పాఠాల్లో ఈ చట్టం ఒక పాఠంగా ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళ వీడియోలు అసలు వద్దు, నిండినవాళ్ళవి రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా వద్దు. మూడో పేరా మీద న్యాయపోరాటానికి మీ సభల ఖర్చులో పదో వంతు పక్కన పెట్టండి. దశమభాగం మీరే కదా నేర్పింది.

3. మాత్రలు మానమని చెప్పకండి, చెప్పినవాళ్ళను స్టేజీ ఎక్కించకండి. షుగరున్న మా పొరుగావిడ మూడు రాత్రుల స్వస్థత కూటాలకు వెళ్ళొచ్చి, సాక్ష్యం చెప్పిన ఉత్సాహంలో ఇన్సులిను మానేసింది. బొటనవేలి దగ్గర చిన్న పుండు. ఇప్పుడు ఆ కాలికి మోకాలి కింద ఏమీ లేదు. ఆమె సాక్ష్యం వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది, అందులో రెండు కాళ్ళ మీద గంతులేస్తుంది. షుగరును మంత్రంతో, మహిమతో నయం చేస్తామని ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. చట్టం సంగతి అటుంచండి. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి ఆడవాళ్ళకు వైద్యం మొదలుపెట్టింది ఈ సువార్త పేరుమీదే. ఆమె ప్రార్థనా చేసింది, మందూ ఇచ్చింది. ప్రతి స్వస్థత కూటంలో, ప్రతి వీడియో కింద, డాక్టరును అడగకుండా మందు మానొద్దు అన్న ఒక్క వాక్యం పెట్టడానికి మీకు అడ్డం ఏమిటి?

4. కానుకల లెక్క చెప్పండి. మా గుడిలో ఆదివారం కానుక ఎంత వచ్చిందో, కరెంటు బిల్లుకెంత పోయిందో తలుపు పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తాను. ఒక వారం 340, ఒక వారం 275. పింఛను డబ్బుతో నడిచే పెద్ద మినిస్ట్రీలు కూడా అలాగే రాయాలి, అంతకంటే ఏమీ వద్దు.

5. మా కాపరి గారి మీద కోపం వచ్చింది గానీ నిలవలేదు. ఆరు ఊళ్ళు, సొంత పెట్రోలు, నెలల తరబడి అందని జీతం. పట్నంలో ఒక సంఘానికి ఇద్దరు ముగ్గురు కాపరులు, ఇక్కడ ఆరు సంఘాలకు ఒకరు. ఒక పెద్ద కన్వెన్షను స్టేజీకి, లైట్లకు, సౌండుకు పెట్టే ఖర్చుతో ఎన్ని పల్లెల ఉపదేశులకు ఏడాది జీతం వస్తుందో మీ కోశాధికారిని అడగండి. నాకంటే ఆయనకే బాగా తెలుసు.

6. మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి, మధ్యలో ఇరవై అడుగుల సిమెంటు రోడ్డు. మిషన్ల కాలంలో ఏ పల్లె ముందు ఒప్పుకుంటే అక్కడ ఒక గుడి లేచింది, రెండో పల్లె ఇంకో మిషన్‌ను వెతుక్కుంది. ఎవరి కులంలో వాళ్ళుండగానే సువార్త త్వరగా పాకుతుందని డొనాల్డ్ మెక్‌గావ్రన్ అనే మిషనరీ దాన్నొక సిద్ధాంతమే చేశాడు. సంఘాభివృద్ధి సెమినార్లలో మీరు ఇంకా అది చెబుతున్నారు. పాకిన మాట నిజం, పేరయ్య కథే సాక్ష్యం. కానీ పాకినంత వేగంగా అక్కడే గడ్డకట్టింది. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని ఒంగోలులో పై కులాలవాళ్ళు చెప్పినప్పుడు, క్లఫ్, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరిచి ఇద్దరూ మొదటి కొరింథీ మొదటి అధ్యాయం దగ్గరే, దేవుడు లోకం తక్కువగా చూసేవాళ్ళను ఎంచుకున్నాడన్న చోటే, ఆగారని చెబుతారు. వాళ్ళు మమ్మల్నే ఎంచుకున్నారు. మనం మాత్రం రోడ్డు దాటలేకపోతున్నాం. నెలకొక ఆదివారం రెండు పల్లెలకూ ఒకే ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) పెట్టండి. ఇది రాస్తే మా వాళ్ళే నన్ను తిడతారని తెలిసే రాస్తున్నాను.

7. సమాధుల స్థలం. మా తోటకు పాత కాగితాలున్నాయి, సర్వే హద్దులు లేవు. ఏటా రొయ్యల చెరువు గట్టు ఒక గజం లోపలికి జరుగుతోంది. రెండు సమాధుల శిలువలు ఇప్పటికే నీళ్ళలో ఉన్నాయి. మేం వెళితే తహసీల్దారు ఆఫీసులో రేపు రమ్మంటారు. మీలో ఎవరైనా తెల్ల అంగీ వేసుకుని ఒక్కసారి వస్తే కుర్చీ వేస్తారు. మండలంలో ఉన్న నాలుగు సంఘాలూ, మినిస్ట్రీలూ కలిసి ఒకే అర్జీ మీద సంతకం చేసి కలెక్టరుకు ఇవ్వాలి. దారి, ప్రహరీ, హద్దురాళ్ళు, ఈ మూడే. ఏ రిజిస్టరులో ఉన్న మనిషైనా అక్కడే పడుకోవాలి గనక, ఈ ఒక్కదానికి బోధలో తేడాలు అడ్డు రాకూడదు.

8. చనిపోయిన మనిషి చందా బాకీ అడగకండి.

వచ్చే ఈస్టరు లోపు జవాబు కావాలి. ఒప్పుకోకపోయినా సరే, ఎందుకు ఒప్పుకోరో రాయండి. నేను దాన్ని కూడా రిజిస్టరులో అతికిస్తాను. మా పెద్దమ్మ పేరు ఎదురుగా ఇప్పటికి తారీఖు మాత్రమే రాశాను. భూస్థాపన చేసిన కాపరి అనే గడి ఖాళీగా ఉంది, అక్కడ నా పేరు రాసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఈస్టరు రోజు తెల్లవారుజామున నాలుగింటికి మేం సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడతాం. మీలో ఎవరైనా వస్తే సంతోషం. కారు రోడ్డు దగ్గరే ఆపాలి. అక్కడి నుంచి గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి, టార్చి నేను తెస్తాను.

ఇట్లు,
ఒక పల్లె సంఘపు రిజిస్టరు రాసేవాడు
ప్రకాశం జిల్లా